ఒక ఫోను, మూడు తరాలు

ఏ ఇంట్లో చూసినా ఇదే రభస. ఫోను పట్టుకుని పిల్లలు చెడిపోతున్నారని పెద్దవాళ్ళూ, ఫోనులో వచ్చిందల్లా నమ్మి పెద్దవాళ్ళే మతి పోగొట్టుకుంటున్నారని పిల్లలూ! మధ్యన మనం. అత్తగారేమో వాట్సాపులో ఎవరో పంపిన కషాయం కాచమంటారు. కూతురేమో "అమ్మా, ముందు నాన్నమ్మ చేత ఆ గ్రూపులు మానిపించు" అంటుంది. ఇద్దరికీ సర్దిచెప్పే ఈ ఉద్యోగానికి జీతమూ లేదు, సెలవూ లేదు.

తప్పెవరిదో తేల్చడం నా వల్ల కాదు గానీ, రెండు తరాలూ ఒకే వస్తువుని రెండు రకాలుగా ఎందుకు వాడుతున్నాయన్నది మాత్రం ఆలోచించదగ్గ సంగతే. వయసొక్కటే దానికి కారణం కాదు. వాళ్ళ వాళ్ళ చిన్నతనంలో కబురన్నది ఎలా వచ్చేది, ఎవరి నోటి వెంట వచ్చేది అన్నదాంట్లో ఉంది అసలు కిటుకు. అది చూడాలంటే పోచంపల్లి మంచి ఊరు. అక్కడ ఫోను ఊసుపోక పట్టుకునే వస్తువు మాత్రమే కాదు, మగ్గం పక్కన కండెల బుట్టతో పాటు ఉండే పనిముట్టు కూడా. తాతా, కొడుకూ, మనవడూ ఒకే మగ్గం చుట్టూ బతికే ఇళ్ళు అక్కడ ఇంకా ఉన్నాయి. మనింట్లో తగవు కషాయం దగ్గర ఆగుతుంది. వాళ్ళింట్లో అది కూటి దాకా పోతుంది.

పోచంపల్లి హైదరాబాదుకి నలభై యాభై కిలోమీటర్ల దూరం. నిన్నమొన్నటి దాకా నల్లగొండ జిల్లాలోది, 2016 అక్టోబరు నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాలోది. పోచంపల్లి అనగానే మనకి చీర గుర్తొస్తుంది. కానీ ఆ ఊరి పేరు దేశమంతా మారుమోగింది మొదట చీర వల్ల కాదు, ఒక మాట వల్ల. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే కాలినడకన ఆ ఊరికి వచ్చారు. హరిజనవాడలో వాళ్ళు తమకి ఎనభై ఎకరాల భూమి కావాలన్నారు. ప్రభుత్వాన్ని అడిగి చూద్దామనుకుంటూనే, ఊళ్ళో ఎవరైనా ఇవ్వగలరా అని అక్కడున్నవాళ్ళని అడిగారాయన. వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి నూరెకరాలు ఇస్తానన్నారు. అంతే, భూదానోద్యమం పుట్టింది. ఆ ఊరు భూదాన్ పోచంపల్లి అయింది.

ఆ కబురు ఎలా పాకిందో చూడండి. వినోబా ఊరూరా నడిచారు. పత్రికలు రాశాయి, నిజమే, కానీ పల్లెల్లో పత్రిక చదివేవాళ్ళు ఎందరు? పక్క ఊరివాళ్ళకి తెలిసింది, ఈ ఊళ్ళో చుట్టాలున్నవాళ్ళు చెప్పగా. ఆయన తెలంగాణలో నడిచిన యాభయ్యొక్క రోజుల్లో పన్నెండు వేల ఎకరాలకు పైగా దానంగా వచ్చింది. నూరెకరాలిస్తానన్న మనిషెవరో, ఆయనే వంశంవాడో, మాట నలుగురిలో అన్నాడో చాటుగా అన్నాడో అందరికీ తెలుసు. మాటకి మొహం ఉండేది.

ఆ రోజుల్లో ఏ కబురైనా అంతే. పన్ను కట్టమన్నా, పోలేరమ్మ జాతర ఫలానా రోజన్నా దండోరా వేసేవాళ్ళు. డప్పు కొట్టి చెప్పినవాడు ఊరివాడే. తప్పు చెబితే మర్నాడు బావి దగ్గర నిలదీయొచ్చు. ఆ తర్వాత కార్డు ముక్క. తెలంగాణ పద్మశాలీలు బతుకుతెరువు కోసం షోలాపూరుకీ, భీవండికీ, సూరతుకీ వలసపోయారు గదా, ఇంటికీ వాళ్ళకీ మధ్య వంతెన పోస్టుకార్డే. చదువురాని అవ్వకి దాన్ని చదివిపెట్టేది బడికెళ్ళే పిల్లాడు. వాడు చదివేలోపల పోస్టుమాను చదివేసేవాడు, అరుగు మీద ఇద్దరు వినేసేవాళ్ళు. కార్డు ముక్కలో రహస్యమేముంటుంది లెండి! అయితే ఆ కార్డు రాసిందెవరో, అందులో అబద్ధముంటే ఎవరిని అడగాలో అవ్వకి తెలుసు.

రేడియో వచ్చినప్పుడు మొదటిసారి మొహంలేని గొంతు ఇంట్లోకొచ్చింది. కానీ అది సర్కారు గొంతు. టీవీ కూడా మొదట్లో ఒక్కరి సొత్తు కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం సాయంతో దేశంలో ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకి టీవీ చూపించారు. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఊరికొక్క టీవీ, దాని ముందు ఊరంతా. తాతా మనవడూ చూసింది ఒక్కటే బొమ్మ. నచ్చకపోతే పక్కవాడితో అక్కడే అనేవాళ్ళు. చిన్న తెర అరచేతిలోకి వచ్చాక ఎవరు ఏం చూస్తున్నారో పక్కవాళ్ళకి తెలియదు.

ఆ తర్వాతి కథంతా మన కళ్ళముందే నడిచింది. ఎనభైల చివర్లో ఎస్టీడీ బూతులు, రాత్రి రేట్లు తగ్గాక బూతు ముందు వరసలు, గాజు తలుపు వెనక గట్టిగా అరవడాలు. 1995లో దేశంలో మొదటి సెల్‌ఫోను మోగింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటాని మంచినీళ్ళ ధరకి దించింది. తాత అప్పుడే నంబరు నొక్కడం నేర్చుకుంటుంటే మనవడు వీడియోలు చూస్తున్నాడు. యాభై ఏళ్ళలో రావలసిన మార్పు ఐదేళ్ళలో వచ్చిపడితే ఇంట్లో గొడవ కాక ఏమవుతుంది?

ఒక చిన్న మేలు మాత్రం ఎవరూ గమనించరు. 2013లో వాట్సాపులో గొంతు రికార్డు చేసి పంపే సదుపాయం వచ్చింది. అక్షరం రాని అవ్వకి, ఉత్తరం రాయడానికి పక్కింటి పిల్లాణ్ణి బతిమాలవలసిన అవసరం జీవితంలో మొదటిసారి తప్పింది. మైకు బొమ్మ నొక్కి పట్టుకుని భీవండిలో ఉన్న కొడుకుతో ఇంటి సంగతులన్నీ ఏకబిగిన చెప్పేయొచ్చు. కోడలి మీద చాడీలతో సహా! ఇదివరకు చాడీలు పిల్లాడి చేత రాయించడం కష్టం గదా, వాడు వెళ్ళి కోడలితో చెప్పేసేవాడు. మనవళ్ళకి ఈ గొంతు సందేశాలంటే విసుగు. "రెండు ముక్కలు టైపు చేస్తే పోయేదానికి మూడు నిమిషాలు వినాలా" అంటారు. వాళ్ళకి రాత తేలిక, ఆవిడకి మాట తేలిక.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. పోచంపల్లి తాతకీ మనవడికీ ఉన్న తేడా, నాకు అర్థమైనంత మట్టుకు ఇది. తాత ఫోనులో వచ్చినదంతా నమ్ముతాడు, తన దగ్గరున్నది మాత్రం ఎవరికీ చూపడు. మనవడు తన దగ్గరున్నదంతా చూపుతాడు, వచ్చినదాన్ని నమ్మడు. చూడ్డానికి ఈ రెండూ పొంతనలేని గుణాల్లా ఉన్నాయి గానీ, వాటి వేరు ఒక్కటే. తాత లోకంలో కబురు తెలిసిన మనిషి నుంచి వస్తుంది, సరుకు తెలిసిన మనిషికి పోతుంది. మనవడి లోకంలో రెండు చివర్లా ఉన్నది ముక్కూ మొహం తెలియనివాడు.

ముందు నమ్మకం సంగతి చూద్దాం. పెద్దవాళ్ళు ఫార్వర్డులు నమ్ముతారని నవ్వుతాం. వాళ్ళ లెక్క వాళ్ళకుంది. "మా తమ్ముడి కొడుకు పంపిండు బిడ్డా, వాడెందుకు అబద్ధం చెప్తడు?" నిజమే, తమ్ముడి కొడుకు అబద్ధం చెప్పడు. కానీ ఆ మాట తమ్ముడి కొడుకుది కాదు. అతనికి ఎవరో పంపారు, వాళ్ళకి ఇంకెవరో. దండోరా వేసినవాడు ఎక్కడున్నాడో తెలియదు, డప్పు మాత్రం మనింట్లో మోగుతోంది. కబురు తెచ్చినవాడి మొహాన్నిబట్టి కబురుని తూచడం డెబ్భై ఏళ్ళు అలవాటైన మనిషికి, మొహం ఒకరిది మాట ఒకరిది అయినప్పుడు తక్కెడ తప్పుతుంది. అది తెలివితక్కువతనం కాదు.

ఇది ఎంత దూరం పోగలదో 2018 వేసవిలో తెలిసొచ్చింది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయంటూ వాట్సాపులో భయంకరమైన వీడియోలు పాకాయి. తెలంగాణ పల్లెలే కాదు, దేశంలో చాలాచోట్ల అమాయకుల్ని కొట్టారు, చంపారు. ఆ ఏడాది మే నెలలో యాదాద్రి భువనగిరి జిల్లాలోనే ఒక మనిషి ఇలాగే ప్రాణం పోగొట్టుకున్నాడు. కుర్రాళ్ళు ఏదీ నమ్మరన్నది ఇలాంటి వేళల్లో నిలవదు. భయానికి వయసుతో పనిలేదు.

అదే సమయంలో పాత పాలమూరు జిల్లాలో జరిగింది మాత్రం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా రెమా రాజేశ్వరిగారు ఉన్నారు. వనపర్తి బాధ్యత కూడా ఆవిడదే. ఊరికొక పోలీసుని దత్తత ఇచ్చినట్టుగా కేటాయించి, వెళ్ళి మంచిచెడ్డలు కనుక్కోమనేవారు. అలా వెళ్ళిన ఒకరు ఒక విచిత్రం గమనించారు. ఎండాకాలం రాత్రి, ఆరుబయట మంచాలేసుకుని పడుకోవలసిన జనం, తలుపులు బిగించుకుని లోపల ఉక్కలో పడుకుంటున్నారట. ఎందుకయ్యా అంటే ఫోను తీసి ఆ వీడియోలు చూపించారు. చూశారా, ఏ పెద్ద నివేదికా చెప్పని సంగతి ఖాళీ మంచాలు చెప్పాయి.

అప్పుడు ఆవిడ పోలీసుల చేత డప్పు పట్టించారు, పాట కట్టించారు. ఊరి మధ్య నిలబడి, మీ ఫోనులో వచ్చింది అబద్ధమని పాడి చెప్పించారు. ఊళ్ళ వాట్సాపు గ్రూపుల్లో తన పోలీసుల్ని చేర్పించారు. దాదాపు 400 గ్రామాలున్న ఆవిడ పరిధిలో ఈ పుకారు వల్ల ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఈ సంగతి విదేశీ పత్రికలు కూడా రాశాయి. ఫోను తెచ్చిన జబ్బుకి మందు డప్పులో దొరికిందన్నమాట. ఎందుకు దొరికిందంటారు? డప్పు కొడుతున్నది రోజూ ఊరికొచ్చే పోలీసాయనే, ఆయన మొహం అందరికీ తెలుసు. పెద్దవాళ్ళు నమ్మే పద్ధతిలోనే వాళ్ళకి నిజం చేరింది. ఆ ఏడాది జులైలో వాట్సాపు కంపెనీ కూడా దిగొచ్చి, మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదుగురికి మించి పంపకుండా కట్టడి చేసింది. 2020 ఏప్రిల్లో, మరీ ఎక్కువ చేతులు మారిన సందేశమైతే ఒకసారికి ఒక్కరికే అంది. "ఎక్కువసార్లు ఫార్వర్డ్ అయింది" అని జంట బాణాల గుర్తు పెట్టడం మంచిదే గానీ, ఆ గుర్తుకి అర్థం మన అత్తగారికి ఎవరు చెప్పారు? చాలామంది పెద్దలు, "ఇంతమంది పంపారంటే నిజమే అయ్యుంటుంది" అనుకుంటున్నారు!

ఇక దాపరికం సంగతి. పోచంపల్లి చీర ఎలా తయారవుతుందో తెలిస్తే గాని ఇది అర్థం కాదు. మామూలు చీరకి రంగేసిన నూలుతో మగ్గం మీద బొమ్మ నేస్తారు. ఇక్కత్‌లో బొమ్మ నేయకముందే నూలులో ఉంటుంది. గ్రాఫు కాగితం మీద డిజైను గీసుకుని, ఆ లెక్క ప్రకారం నూలుని అక్కడక్కడ రబ్బరు పట్టీలతో బిగించి కడతారు. సైకిలు ట్యూబులు కోసిన పట్టీలు దీనికి బాగా పనికొస్తాయి. చిటికి కట్టడమంటారు దీన్ని. రంగులో ముంచితే కట్టినచోట రంగెక్కదు. విప్పి, ఇంకోచోట కట్టి, ఇంకో రంగు. తర్వాత నేసేటప్పుడు ఆ చుక్కలన్నీ వరసగా కలవాలి. వెంట్రుకవాసి అటూఇటూ కాక తప్పదు, అందుకే ఆ బొమ్మల అంచులు కొంచెం చెదిరినట్టు, నీళ్ళలో నీడలా ఉంటాయి. ఒక పడుగు మీద ఏడెనిమిది చీరలు దిగుతాయి. దాని వెనక ఇల్లిల్లంతా వారాల తరబడి చేసిన చాకిరీ ఉంటుంది. అలాంటి చోట డిజైనంటే ఆస్తి. పొలంలేని ఇంటికి పొలమే అది.

అందుకే పాత తరం ఆ గ్రాఫు కాగితాన్ని ట్రంకుపెట్టె అడుగున దాచేది. చీర పూర్తయ్యాక మాస్టర్ వీవరుకో, సొసైటీకో, హైదరాబాదు దుకాణం సేఠుకో చూపడమే. పక్క మగ్గంవాడు గుమ్మంలోకొస్తే చీర మడతపడేది. అయితే ఒక తమాషా కూడా చెప్పుకోవాలి. అసలు ఈ విద్య పోచంపల్లికి చీరాల నుంచి వచ్చింది. అరబ్బు దేశాలకి ఎగుమతయ్యే తేలియా రుమాళ్ళు, నూనెలో నానబెట్టిన నూలుతో, ఎరుపు నలుపు రంగుల్లో, చీరాలలో నేసేవాళ్ళు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆ కట్టుడు పని తెలంగాణకి నడిచొచ్చింది. ఎవరో చూపించకపోతే, ఎవరో చూసి నేర్చుకోకపోతే పోచంపల్లి లేదు. దాచుకోవడమూ ఆ ఊరి చరిత్రే, చూపించడమూ ఆ ఊరి చరిత్రే.

మనవడు ఏం చేశాడంటే, మగ్గం మీదున్న చీరని ఫోటో తీసి ఇన్‌స్టాగ్రాములో పెట్టాడు. ఇంట్లో పిడుగు పడ్డట్టయింది. "మగ్గం దిగకముందే ఊరందరికి చూపిస్తివి గదరా! ఇంక మనకేం మిగిలింది?" అని తాత. "చూపకపోతే ఉన్నదని ఎవరికి ఎర్కైతది తాతా?" అని మనవడు. ఇది ఏదో ఒక్క ఇంటి కథ కాదు, ఏ నేతవాడకి వెళ్ళినా వినిపించే మాటే.

ఇందులో తాతది ఉత్త చాదస్తం కాదు సుమా. పోచంపల్లి ఇక్కత్‌కి 2004–05లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాంతో ఆ పేరు పెట్టి వేరే సరుకు అమ్మకూడదు. బాగానే ఉంది. కానీ ఆ రక్షణ పేరుకి గదా. ఫోటో చూసి అదే డిజైనుని మిల్లు గుడ్డ మీద అచ్చు కొట్టేసి, "ఇక్కత్ ప్రింట్" అని పదోవంతు ధరకి అమ్మేవాణ్ణి ఎవరాపుతారు? నెలన్నర కష్టపడి కట్టిన బొమ్మ వారం తిరక్కుండా సంతలో వేలాడుతుంది. ఒక్క ఫోటో చాలు. అలాంటి ప్రింటు చీరలు మనలో ఎంతమందిమి కొన్నామో చేతులెత్తమంటే, పోచంపల్లి తాత ముందు మనమంతా తల దించుకోవలసిందే.

మనవడిదీ ఉత్త దూకుడు కాదు. 2020 మార్చిలో లాక్‌డౌను వచ్చి దుకాణాలు మూసేశారు. సేఠులు సరుకెత్తడం మానేశారు. నేసిన చీరలు బీరువాల్లో పేరుకుపోయాయి. పెళ్ళిళ్ళ కాలమంతా పోయింది. అప్పుడు తాతకి తెలిసిన మనుషులెవరూ చీర కొనలేకపోయారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు కొన్నారు, ఫోనులో చూసి. ఏ బెంగుళూరు నుంచో, ఏ అమెరికా నుంచో ఒక అమ్మాయి ఫోటో చూసి, ఫోనులోనే డబ్బు పంపి, చీర తెప్పించుకుంది. ఊళ్ళల్లో చాలామంది నేత కుర్రాళ్ళు అమ్మకం నేర్చుకున్నది ఆ మూసిన తలుపుల రోజుల్లోనే. అదృష్టమో దురదృష్టమో, ఆ ఏడాది జూన్ నెలాఖరున టిక్‌టాక్‌ని నిషేధించారు, జులైలో ఇన్‌స్టాగ్రాములో రీల్సు మొదలయ్యాయి. పొట్టి వీడియోలో మగ్గం చప్పుడు వినబడితే చాలు, చూసేవాళ్ళు ఆగుతారు.

ఆడవాళ్ళ సంగతి ఇందులో వేరే అధ్యాయం. నేతింట్లో కండెలు చుట్టేదీ, ఆసు పోసేదీ ఆడవాళ్ళే. అరవృత్తంలో గుచ్చిన పుల్లల చుట్టూ నూలుపోగుని చేత్తో అటూఇటూ తిప్పాలి, ఒక్క చీరకి సుమారు తొమ్మిది వేల సార్లు. రోజుకి రెండు చీరలకి ఆసు పోస్తే పద్దెనిమిది వేలు. భుజం పడిపోయేది. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశంగారు తల్లి పడే బాధ చూడలేక, ఏళ్ళ తరబడి తంటాలు పడి, 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. తల్లి పేరే పెట్టారు, లక్ష్మి ఆసు యంత్రం అని. 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆయన మీద సినిమా కూడా వచ్చింది. ఇంత చాకిరీ చేసినా, ఆ ఆడవాళ్ళు సేఠు ఎదుట చీర పరిచి ధర చెప్పిన సందర్భం మాత్రం అరుదు. బేరం మగవాళ్ళది. ఆసు ఇంటిపని కింద జమ.

ఫోను ఆ బేరం దగ్గర చిన్న చిల్లు పెట్టింది. ఇప్పుడు నేతింటి కోడలు కెమెరా ముందు చీర విప్పి, "అక్కా, ఇది డబుల్ ఇక్కత్, పడుగూ పేకా రెండూ కట్టినం" అని చెబుతుంది. చిటికి కట్టిన చేతికే ఆ సంగతి చెప్పడం బాగా తెలుసు. కొనే ఆడవాళ్ళు కూడా దుకాణంవాణ్ణి అడగలేనివి ఆవిడని అడుగుతారు. ఉతికితే రంగు పోతుందా, ఒళ్ళున్నవాళ్ళకి కుచ్చిళ్ళు సరిపోతాయా అని! అత్తగారు మొదట్లో "మొహం చూపకు, చీర మాత్రం చూపు" అంటుంది. మొహం చూపిస్తేనే అమ్ముడుపోతుందని కోడలు అంటుంది. ఇక్కడ కూడా అదే తగవు చూశారా? తెలియనివాళ్ళకి మొహం చూపడం అత్తగారి తరానికి తప్పు. కోడలి తరానికి, తెలియనివాడి చేత నమ్మించుకోవాలంటే మొహమే పూచీ.

కొనేవాళ్ళ వైపు కూడా కథ ఉంది. 2015లో బెంగుళూరులో ఇద్దరు స్నేహితురాళ్ళు, ఆలీ మాథనూ అంజూ మౌద్గల్ కదమూ, ఏడాదిలో వంద చీరలు కట్టుకుంటామని ఒట్టు పెట్టుకున్నారు. హండ్రెడ్ శారీ ప్యాక్ట్ అన్నారు దాన్ని. చీర కట్టుకుని ఫోటో తీసి, ఆ చీర వెనక కథ చెప్పాలి. దేశమంతా వేలమంది ఆడవాళ్ళు దాంట్లో చేరారు. తమాషా ఏమిటంటే ఆ కథల్లో అమ్మల చీరలూ, అమ్మమ్మల చీరలూ ఎన్నో. బీరువా అడుగున కలరా ఉండల మధ్య పడున్న చీరలు వెలుగులోకొచ్చాయి. మరుసటేడు ఆగస్టులో, చేనేత దినోత్సవం ముందర, అప్పటి కేంద్ర జౌళి మంత్రి స్మృతి ఇరానీ తను చేనేత కట్టుకున్న ఫోటో పెట్టి అందర్నీ పెట్టమన్నారు. అలా కూతుళ్ళు అమ్మల చీరలకి ఫోనులో కొత్త జీవం పోస్తుంటే, అమ్మలు మాత్రం "నా పెళ్ళినాటి చీర ఊరంతా చూడాలా" అని కొంచెం సిగ్గుపడి, కొంచెం మురిసిపోయి, ఎన్ని లైకులొచ్చాయని రహస్యంగా అడిగారు.

2021లో పోచంపల్లికి ఇంకో గౌరవం వచ్చింది. ఐక్యరాజ్యసమితి వారి ప్రపంచ పర్యాటక సంస్థ దాన్ని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసి, డిసెంబరులో మాడ్రిడ్‌లో బహుమతి ఇచ్చింది. దాంతో సెలవురోజుల్లో కెమెరాలతో వచ్చేవాళ్ళు పెరిగారు. రాట్నం ముందు కూర్చున్న అవ్వని అడక్కుండానే రీలు తీసేస్తారు. అవ్వకి కోపం రాదు, కుతూహలం. "ఎవరు చూస్తరు బిడ్డా దీన్ని?" అని అడుగుతుంది. ఎవరని చెబుతాం! లక్షమంది చూడొచ్చు, వాళ్ళల్లో ఒక్కరి పేరూ ఆవిడకి తెలియదు. ఆవిడ మొహం మాత్రం అందరికీ తెలుస్తుంది. అడిగి తీస్తే ఏం పోయింది, కండెలు చుట్టిన కూలిలో సగమైనా చేతిలో పెడితే ఏం పోయింది అని నాకనిపిస్తుంది.

తాతా మనవళ్ళ మధ్య రాజీ కుదిరిన ఇళ్ళు కూడా ఉన్నాయి. ఇరవైనాలుగ్గంటల్లో మాయమైపోయే వాట్సాపు స్టేటసు 2017లో వచ్చింది. కొత్త చీర ఫోటో అందులోనే, అదీ తెలిసిన కొనుగోలుదారులకి కనబడేట్టు మాత్రమే పెట్టాలి. చీర మొత్తం విప్పకూడదు, మడతమీదే చూపాలి. పమిట చూపితే అంచు దాచాలి, అంచు చూపితే పమిట దాచాలి. అమ్ముడయ్యాకే పూర్తి ఫోటో. తాత పద్ధతి కొంత, మనవడి పద్ధతి కొంత. పెళ్ళిచూపుల్లో మా కాలపు పద్ధతి కూడా దాదాపు ఇంతే కదూ!

కొనే మనలో కూడా రెండు తరాలూ ఉన్నాయి. కూతురు తెర మీద చీర చూసి, "ఇదే డిజైను ఆవపిండి రంగులో ఉందా అన్నా?" అని అడుగుతుంది. నూలుకే రంగు పడిందనీ, ఆ పడుగు మీద ఏడు చీరలు దిగితే అవే అనీ ఆ అబ్బాయి ఓపిగ్గా చెబుతాడు. పక్కనున్న అమ్మమ్మకి తెర మీది రంగు మీద నమ్మకం లేదు, ఆవిడకి గుడ్డ చేతికి తగలాలి. చేతికి తగిలే వీలు లేదు గనక, కళ్ళజోడు సవరించుకుని ఫోను దగ్గరికి లాక్కుంటుంది.

"నాయనా, ఒక్కసారి వీడియోలోకి రా. ఆ, చీర ఇటు తిప్పు. అది కాదు, లోపలివైపు. తిరగేసి చూపించు."

అబ్బాయి తిరగేస్తాడు. అచ్చు గుడ్డయితే వెనకవైపు రంగు వెలవెలబోయి ఉండేది, బొమ్మ అంచు కత్తిరించినట్టు ఉండేది. ఇటూ అదే రంగు, అటూ అదే రంగు. అంచులు కొంచెం చెదిరి ఉన్నాయి.

"మీ ఇంట్లో ఎవరు కట్టారు నాయనా చిటికి?" అని అడుగుతుంది అమ్మమ్మ.

"మా అమ్మ," అని ఫోను పక్కకి తిప్పుతాడు అతను.